డబ్బా మీద ఆకు బొమ్మ – లోపల ఏముంది?



జుట్టు రాలుతోందని, చుండ్రు వదలడం లేదని, ముప్పై ఏళ్లకే తల నెరిసిందని చాలామంది పాఠకులు అడుగుతున్నారు. పెళ్లీడు ఆడపిల్లల తల్లులైతే మరీను. అందరూ చివరకు అనే మాట ఒకటే: "హకీం సాబ్, కెమికల్ లేనిది, నాచురల్‌ది ఏదైనా చెప్పండి." ఈ వారం ఆ నాచురల్ గురించే మాట్లాడుకుందాం. ముందుగా నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం భద్రావతిలోని మా దవాఖానాకు ఒక సోదరి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఇంట్లో పెళ్లి ఉంది, తల నెరిసింది, ఏం పెట్టుకోమంటారని అడిగింది. "డై జోలికి పోకమ్మా, మెహందీ పెట్టుకో" అన్నాను. అంతే అన్నాను. బయట జనం కూర్చుని ఉన్నారు, తర్వాతి రోగిని పిలిచాను. పెళ్లి రెండు రోజులుందనగా పొద్దున్నే ఆమె కొడుకు మోటార్ సైకిల్ మీద తీసుకొచ్చాడు. కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి. నుదురు, చెవులు ఎర్రగా పొంగి ఉన్నాయి. తల మీద చర్మం పగిలి నీరు కారుతోంది. "మీరు చెప్పిన మెహందీయే పెట్టాం హకీం సాబ్" అన్నాడు ఆ అబ్బాయి.

ప్యాకెట్టు తెప్పించి చూశాను. ముందు వైపు పచ్చటి ఆకులు, పెద్ద అక్షరాలతో 'హెర్బల్', దాని కింద 'కాలీ మెహందీ'. వెనక వైపు భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాలలో 'పారా-ఫినైలీన్ డయామిన్'. ఆమెను వెంటనే ఆసుపత్రికి పంపాను. ఊపిరికి ఇబ్బంది రాలేదు, అల్‌హందులిల్లాహ్. వాపు తగ్గడానికి మాత్రం వారం పైనే పట్టింది. ఇంటి పెళ్లిలో ఆమె ముఖం మీద దుపట్టా కప్పుకుని లోపలి గదిలోనే కూర్చుంది. ఆ సంగతి తర్వాత ఆమే చెప్పింది, నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు ప్యాకెట్టుది ఎంతో నాదీ అంతే. మెహందీ అన్నాను గాని ఏ మెహందీయో చెప్పలేదు.

మెహందీ వేరు, కాలీ మెహందీ వేరు

మెహందీ ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. అది వెంట్రుకలోని కెరాటిన్‌కు అంటుకుని నారింజ, ఎరుపు రంగునిస్తుంది. నలుపు ఇవ్వదు. ఎంత మంచి ఆకైనా, రాజస్థాన్ సోజత్ నుంచి వచ్చినదైనా సరే, ఒంటరిగా నలుపు ఇవ్వదు. కాబట్టి పది నిమిషాల్లో, అరగంటలో వెంట్రుకలను నల్లగా చేసే 'మెహందీ'లో ఆకు కాక మరేదో ఉన్నట్టే. ఆ మరేదో చాలా వరకు పైన చెప్పిన పారా-ఫినైలీన్ డయామిన్. క్లుప్తంగా పి.పి.డి. అంటారు. పెళ్లిళ్లలో చేతులకు పెట్టే నల్లటి కోన్లలో కూడా కొన్నిటిలో ఇదే కలుపుతారు. ఐరోపా దేశాలలో తలకు వేసే రంగులో ఇది 2 శాతానికి మించరాదు, చర్మానికి పూసే వాటిలో అసలు అనుమతి లేదు. మనవాళ్లు చిన్నపిల్లల అరచేతులకు కూడా ఆ కోన్లు పెట్టేస్తారు.

ఈ రంగుల పుట్టుక మన భద్రావతి వాళ్లకు తెలియవలసినది. మన కాళ్ల కింద బొగ్గు. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది ఆ బొగ్గు గనుల కోసమే కాగజ్‌నగర్, బెల్లంపల్లి వైపు నుంచి వచ్చి భాండక్ స్టేషన్‌లో దిగినవాళ్లు. బొగ్గును గాలి తగలకుండా కాలిస్తే తారు వస్తుంది. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రవాడు ఆ తారు నుంచి వచ్చే పదార్థంతో మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోతే, అనుకోకుండా ఊదా రంగు వచ్చింది. కృత్రిమ రంగుల వ్యాపారమంతా అక్కడి నుంచే పెరిగింది. పి.పి.డి. కూడా ఆ కుటుంబానిదే. అందుకే చట్టంలో ఈ రంగులకు నేటికీ 'కోల్‌తార్ రంగులు' అనే పేరుంది. అంటే బొగ్గు తారు బంధువును తెచ్చి ఆకు బొమ్మ వేసిన సంచిలో పోసి అమ్ముతున్నారన్నమాట.

బొగ్గు తారు అంతా విషమని కూడా అనుకోవద్దు. మొండి చుండ్రుకు, సోరియాసిస్‌కు చర్మ వైద్యులు రాసే కోల్‌తార్ షాంపూ కూడా దాని నుంచి వచ్చినదే. మోతాదు, తయారీ, పైన రాసిన పేరు నిజమా కాదా, ఇవే అసలు ప్రశ్నలు.

పి.పి.డి. మొదటిసారే అందరికీ పడకపోవడమని లేదు. పది సార్లు బాగానే ఉండి పదకొండోసారి వాపు రావచ్చు. ఒకసారి వచ్చిందంటే ఆ మనిషికి అది జీవితాంతం పడదు, మళ్లీ వాడితే ఇంకా గట్టిగా వస్తుంది. ఇలాంటి రంగులున్న డైల మీద ముందు చిన్న పరీక్ష చేసుకోవాలని, కనుబొమలకు, రెప్పలకు వాడరాదని, వాడితే చూపు పోయే ప్రమాదముందని ఆంగ్లంలోనూ, స్థానిక భాషలోనూ హెచ్చరిక ముద్రించాలని మన దేశపు నిబంధన. గడ్డానికి పెట్టుకుంటూ, మిగిలింది కనుబొమలకు రాసుకునే పెద్దలు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. ఇంకో మాట. ఈ డై కడుపులోకి పోతే గొంతు వాస్తుంది, మూత్రపిండాలు చెడతాయి, ప్రాణం పోతుంది. నూనె సీసాల పక్కన, పిల్లలకు అందే గూట్లో పెట్టకండి.

మరి నలుపు కావాలంటే? హజ్రత్ అబూబకర్ (రజి) హిన్నా, కతమ్ కలిపి ఖిజాబు పెట్టుకునేవారని హదీసులలో ఉంది. మన యూనానీలో మెహందీ తర్వాత వస్మా, అంటే నీలి ఆకు పొడి వాడతారు. పద్ధతి ఇది. మొదట శుద్ధమైన మెహందీ గోరువెచ్చటి నీళ్లలో కలిపి కొన్ని గంటలు నాననిచ్చి, తలకు పట్టించి రెండు గంటలుంచి, ఉత్త నీళ్లతో కడగాలి. తర్వాత నీలి పొడిని అప్పటికప్పుడు నీళ్లతో, చిటికెడు ఉప్పుతో కలిపి మరో గంట పెట్టాలి. కడగగానే పచ్చగా, వింతగా కనిపిస్తే గాభరా పడకండి. రెండు రోజుల్లో ముదురుతుంది. వచ్చేది నల్ల గోధుమ రంగు, సిరా నలుపు కాదు. సిరా నలుపు వచ్చిందంటే ఆ 'నీలి పొడి'ని కూడా అనుమానించండి. ఏ నలుపు జాయజ్, ఏది కాదన్న మస్లా ఉలమాలను అడగండి. నేను హకీమును మాత్రమే.

ఏది పెట్టుకున్నా ముందు కొంచెం మోచేతి లోపలి వైపు రాసి 48 గంటలు చూడండి. పెళ్లికి రెండు రోజుల ముందు కాదు, రెండు వారాల ముందు చేయవలసిన పని ఇది. పసిపిల్లలకు మాత్రం శుద్ధమైన మెహందీ కూడా వద్దు. కొందరు పిల్లలలో పుట్టుకతో జి-సిక్స్-పి-డి అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. అలాంటి వారికి మెహందీ వల్ల రక్త కణాలు పగిలి కామెర్లు రావచ్చు.

వెనక వైపు చదవండి

అలంకారం హకీముల పని కాదనుకునేవారు ఉన్నారు. వెయ్యేళ్ల క్రితం కార్డోబాలో అబుల్ ఖాసిం జహ్రావీ 30 భాగాలుగా రాసిన 'కితాబుత్ తస్రీఫ్'లో ఒక పూర్తి భాగం అలంకార ద్రవ్యాల గురించే. ఆయన కాలంలో వైద్యుడే నూరి, వైద్యుడే ఇచ్చేవాడు. ఈ కాలంలో నూరేది ఎక్కడో, అమ్మేది ఎవరో. కాబట్టి చదవడం మనం నేర్చుకోవాలి.

మన దేశంలో సౌందర్య సాధనాల మీద పదార్థాల జాబితా ఉండాలి. ఒక శాతానికి మించి ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాయాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. బాదం బొమ్మ వేసిన నూనె సీసా తిప్పి చూడండి. చాలా వాటిలో మొదటి పేరు 'లైట్ లిక్విడ్ పారఫిన్' లేదా 'మినరల్ ఆయిల్' అని ఉంటుంది. బాదం పేరు ఎక్కడో కింద, కొన్నిటిలో అత్తరు వాసన తర్వాత వస్తుంది. మినరల్ ఆయిల్ విషం కాదు. వెంట్రుకకు మెరుపునిస్తుంది, చిక్కు తీస్తుంది. కాని మీరు బాదం ధర ఇచ్చి పెట్రోలియం నూనె కొన్నారు. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి దిగి, ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చేయవని తేలింది. మన నానమ్మలు సైన్సు చదవలేదు గాని కొబ్బరి నూనె సీసా పెట్టెలో దాచుకునేవారు.

యూనానీ మందుగా అమ్మే నూనె మీద 'యూనానీ మెడిసిన్' అని, లైసెన్సు నంబరు, ఏ మూలిక ఎంత మోతాదులో ఉందో రాసి ఉండాలి. సంతలో లేబుల్ లేని సీసాలో అమ్మే 'హకీం గారి నూనె' నా పేరు చెప్పి అమ్మినా కొనవద్దు.

ఇంట్లో చేసుకోగలిగితే అంతకంటే మేలు లేదు. పావు లీటరు కొబ్బరి నూనె లేదా నువ్వుల నూనె తీసుకోండి. విదర్భ చలికాలంలో కొబ్బరి గడ్డకడుతుంది, అప్పుడు నువ్వుల నూనె అనువు. గింజ తీసిన ఎండు ఉసిరి 25 గ్రాములు, మెంతులు 10 గ్రాములు, గుంటగలగరాకు రసం అరగ్లాసు. సన్నటి సెగ మీద తడి ఇగిరే దాకా, చిటపట ఆగే దాకా కాచి వడగట్టాలి. ఉసిరి మిజాజ్ చలువ, పొడి. మెంతులది వేడి, పొడి. ఒకదాన్ని ఒకటి సరిచేస్తాయి, నూనె వాటి పొడితనాన్ని సరిచేస్తుంది. ఇక్కడి పన్సారీ దుకాణంలో గుంటగలగర అంటే తెలియదు, మరాఠీలో 'మాకా' అని అడగండి. ఉసిరి 'ఆవళా'. కలోంజీ కలపాలనుకునేవారు ఒక చెంచా మాత్రమే కలపండి. కలోంజీ నూనె నేరుగా రాస్తే కొందరికి దద్దుర్లు వస్తాయి.

ఈ నూనె కొత్త వెంట్రుకలు మొలిపిస్తుందని నేను చెప్పను. ఉన్న వెంట్రుక విరగకుండా కాపాడుతుంది. మర్దన వల్ల తలకు హాయిగా ఉంటుంది.

మన బోరు నీళ్లు

ఇక్కడ చాలా ఇళ్లలో బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డుగా మారి వెంట్రుకకు పట్టుకుంటుంది. జుట్టు పీచులా అవుతుంది. దాన్ని చూసి పొడిబారిందని ఇంకా నూనె, జిడ్డు పోలేదని ఇంకా సబ్బు. కుంకుడుకాయ, శీకాయలలో నురగనిచ్చేవి సాపోనిన్లు, సబ్బు కాదు. అవి గట్టి నీళ్లలో కూడా తెట్టు కట్టవు. 'శీకాకాయ సబ్బు' అని అమ్మేది మాత్రం సబ్బే. పేరు చూసి మోసపోకండి.

పది కుంకుడుకాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టండి. పొద్దున పిసికి, గుడ్డలో వడగట్టి, కొంచెం శీకాయ పొడి కలపండి. కళ్లలో పడితే మంట, కాబట్టి తల వెనక్కి వంచి పోసుకోవాలి. వారానికి రెండుసార్లు చాలు. అంతకంటే ఎక్కువైతే కుంకుడు కూడా తలను ఎండగడుతుంది. షాంపూ వాడేవారిని నేను తిట్టను. ఆ మాట కూడా మన 'చంపీ' నుంచి వెళ్లిందే. పట్నాలో పుట్టిన శేఖ్ దీన్ ముహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, మర్దన చేయించే స్థలం పెట్టి, అక్కడి రాజులకే 'షాంపూయింగ్ సర్జన్' అయ్యాడు. గాఢత తక్కువ షాంపూ తీసుకుని, మగ్గు నీళ్లలో కలిపి వాడండి.

చుండ్రు విషయంలో నేను నా పాత సలహాను మార్చుకున్నాను. మొదట్లో చుండ్రు అంటే పొడితనమనుకుని, రాత్రంతా నూనె పెట్టుకోమనేవాణ్ణి. యూనానీలో దీన్ని హజాజ్ అంటాం. నిజానికి అందరి చర్మం మీద ఉండే మలసీజియా అనే ఒక రకం ఫంగస్ తల మీది జిడ్డును తిని బతుకుతుంది. రాత్రంతా నూనె పెడితే దానికి దావత్ ఇచ్చినట్టే. చుండ్రు ఉన్నవారు నూనె పెట్టినా గంటలో కడిగేయాలి. తగ్గకపోతే కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు తల మీద ఉంచి, నాలుగు వారాలు వాడండి. హకీం ఇంగ్లీషు మందు చెబుతున్నాడేమిటని కొందరు నన్ను అడుగుతారు. రోగికి కావలసింది దురద తగ్గడం.

మన ఇళ్లలో ఇంకో కారణం కూడా ఉంది. ఆడవాళ్లు తల ఆరకముందే ముడి వేసి, పైన స్కార్ఫ్, బురఖా వేసుకుని బయలుదేరతారు. మే నెలలో చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి తెలిసిందే, 45 డిగ్రీలు దాటుతుంది. లోపల తడి, వేడి, చెమట. గనిలో పనిచేసే మగవారికి హెల్మెట్ లోపలి పట్టీ అంతే. పర్దా మానమనడం లేదు, హెల్మెట్ అసలే మానకూడదు. స్నానం రాత్రికి మార్చుకుని జుట్టు ఆరనిచ్చి పడుకోండి. హెల్మెట్ పట్టీని వారానికోసారి ఉతకండి. నూలు స్కార్ఫ్ కట్టండి.

లోపలి నుంచి రాలే జుట్టు

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. దువ్వెన చూసి ఏడవనక్కర లేదు. కాని గుప్పెళ్లతో రాలుతుంటే మూడు నెలల వెనక్కి వెళ్లి ఆలోచించండి. టైఫాయిడ్, డెంగ్యూ, కోవిడ్ లాంటి జ్వరం వచ్చిందా? కాన్పు అయిందా? ఎవరైనా ఇంట్లో పోయారా? ఇలాంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది, చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే కుదురుకుంటుంది. ఆ సమయంలో ఏ నూనె రాస్తే ఆ నూనెకే పేరు వస్తుంది. మా హకీములలో కొందరి కీర్తి ఇలా వచ్చినదే.

వెంట్రుక శరీరంలోని ధూమపు ఆవిరులు రోమకూపాలలో గట్టిపడి పుడుతుందని బూ అలీ సీనా రాశారు. ఆ ఆవిరులను ఈనాడు ఎవరూ చూపించలేరు. కాని సామగ్రి లోపలి నుంచి రాకపోతే వెంట్రుక నిలవదన్న ఆయన మాట దారి చూపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుంటే ఒకరికి ఉండవచ్చు. జుట్టు రాలుతోందని వచ్చే అమ్మాయి కనురెప్ప లోపల తెల్లగా ఉంటే నేను నూనె ఇవ్వను, రక్త పరీక్షకు పంపుతాను. హిమోగ్లోబిన్‌తో పాటు థైరాయిడ్ కూడా చూపించుకోండి. షర్బత్-ఎ-ఫౌలాద్ ఇస్తాను. ఖర్జూరం మంచిదే, బర్కత్ ఉన్నదే, కాని ఒక్క ఖర్జూరంతో ఇనుము లోటు తీరదు. కలేజీ, మాంసం, ఆకుకూరలు, పైన నిమ్మకాయ. భోజనం కాగానే చాయ్ తాగే అలవాటు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, గంట ఆగండి. ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖరున మిగిలిన పులుసుతో తినే కోడలికి ఏ రోగన్ ఏం చేస్తుంది?

రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతే దాన్ని తెలుగులో పేనుకొరుకుడు అంటారు. పేను కొరకడం వల్ల కాదు. యూనానీలో దావుస్సాలబ్, అంటే నక్క రోగం. ఒంట్లోని రక్షణ శక్తి పొరబడి సొంత వెంట్రుక మీదనే దాడి చేయడం వల్ల వస్తుందని ఇప్పుడు తెలిసింది. ఉల్లిపాయతో రుద్దడం పాత వైద్యం. 2002లో బాగ్దాద్ వైద్యులు ఉల్లిరసంతో చిన్న అధ్యయనం చేసి మంచి ఫలితం చూపారు. కొద్దిమంది మీద చేసినది కాబట్టి దాన్నే నమ్ముకుని కూర్చోకండి. మచ్చలు పెరుగుతుంటే, పొలుసులూ చీమూ ఉంటే, కనుబొమలు కూడా ఊడుతుంటే చర్మ వైద్యునికి చూపించాలి. హైదరాబాదు వెళ్లగలిగినవారికి ఎర్రగడ్డలో చర్మవ్యాధుల జాతీయ యూనానీ పరిశోధనా సంస్థ ఉంది.

వంశంలో వచ్చే బట్టతల సంగతి వేరు. దాన్ని నయం చేస్తామని, తెల్ల వెంట్రుకను తిరిగి నల్లగా చేస్తామని ఏ మందూ చెప్పుకోరాదని డ్రగ్స్ నిబంధనల 'షెడ్యూల్ జె'లోనే ఉంది. అయినా గోడల మీద ఆ రాతలు మీరు చూస్తూనే ఉన్నారు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నది కూడా వట్టి మాట. అఖీఖాలో పిల్లవాడికి తల గీయించేది సున్నత్ కోసం. ఒత్తు జుట్టు కోసమైతే మళ్లీ మళ్లీ గీయించనక్కర లేదు.

దవాఖానాకు వచ్చే సోదర సోదరీమణులకు ఒక విన్నపం. తలకు మీరు వాడే నూనె సీసా, షాంపూ, మెహందీ ప్యాకెట్టు వెంట తెచ్చుకోండి. ఖాళీదైనా సరే, చింపిన అట్ట ముక్కైనా సరే. వాపు, దురద వచ్చినవారు మాత్రం నా కోసం ఆగవద్దు. వెంటనే నీళ్లతో తల బాగా కడిగేయండి. పెదవులు వాచినా, గొంతు పట్టేసినా, ఊపిరి బిగిసినా తిన్నగా ఆసుపత్రికే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ ప్యాకెట్టు కూడా పట్టుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది దాన్నే.